రెండు పొయ్యిల ఖోలీ

ఆ పూట గొడవ దండెం దగ్గర మొదలైంది. ఎవరి బట్టలు ఎండ వైపు ఆరాలన్నదే తగువు.

బొంబాయి కామాటిపురా పదో గల్లీలోని ఆ చాల్‌లో మూడో అంతస్తు గ్యాలరీకి ఎండ అంటూ వస్తే పొద్దున కాసేపే వస్తుంది. అదీ ఈ చివరన రెండు బారల మేర. ఆ రెండు బారల కోసం తారాబాయికీ, అత్త లక్ష్మవ్వకీ రోజూ కన్నులతోనే యుద్ధం జరిగేది. ఆ రోజు నోటిదాకా వచ్చింది.

"అత్తా, ఆయన డ్యూటీ ప్యాంటు జరిపిందెవరు?"

"నేనే జరిపిన. ప్యాంటుకు ఎండ లేకుంటే పానం పోతదా?"

"నీడకు ఆరితే ముక్కవాసన వస్తది."

"స్విచ్చుల కార్ఖానల మొగోళ్ళ ప్యాంట్లు వాసన చూసుకుంట కూసుంటరా ఏంది? అక్కడ అందరూ ఒక్కతీరే కంపు."

"అయితే నీ గుడ్డపేలికలకు ఎండ ఎందుకు? అవేమన్న పట్టుచీరెలా?"

అంటూనే తారాబాయి దండెం మీది ఒక గుడ్డను లాగింది. లాగాక చేతిలో చూసుకుంది. పాత నూలుచీర చింపి నాలుగు మడతలు వేసి, అంచులు దారంతో టాకా వేసిన గుడ్డ. అలాంటివే ఇంకా అయిదారు ఆరుతున్నాయి. అత్తకు ఆ నెలనెలా బాధ ఆగిపోయి పదేళ్ళు దాటింది. మరి ఇవెందుకు? తలెత్తేసరికి లక్ష్మవ్వ ఆ గుడ్డను ఆమె చేతిలోంచి లాక్కుంది. ఎంత కోపంతో లాక్కుందో అంత గాభరాగా కొంగు కింద దాచుకుంది. ఆమె మొఖంలో తారాబాయి ఎన్నడూ చూడని సిగ్గు.

"నీ ప్యాంటు నువ్వే ఎండకేసుకో పో" అని లోపలికి వెళ్ళిపోయింది.

గెలిచిన తగువు తారాబాయికి ఏమాత్రం రుచించలేదు. ప్యాంటు ఎండలో వేసింది, తీసింది, మళ్ళీ వేసింది. కూతురు సునందకు జడ వేస్తూ పాపిడి రెండుసార్లు వంకరగా తీసింది. "ఆయీ, దుఖ్తే నా!" అని ఆ పిల్ల నొప్పికి మరాఠీలో మొత్తుకుంటే గానీ దువ్వెన ఎంత గట్టిగా లాగుతోందో తెలియలేదు.

ఆ ఒంటిగది ఖోలీలో పొయ్యిలు రెండు. తలుపు పక్కన తారాబాయిది, వెనకాల నీళ్ళు పోయే మోరీ పక్కన లక్ష్మవ్వది. నడుమ ఒక ఇనప పెట్టె సరిహద్దు. లక్ష్మవ్వ భర్త తాపీ మేస్త్రీగా ఉన్నప్పుడు పాలమూరు నుంచి వచ్చిన కూలీలను ఇంటికి తెచ్చి అన్నం పెట్టించేవాడు. ఆయన పోయాక ఆమె పైసలకు కూడు పెట్టే ఖానావళి తెరిచి, దాన్నే బతుకుతెరువు చేసుకుంది. జొన్నరొట్టె, పప్పు, పచ్చిపులుసు. ఆ ఖానావళి కూటితోనే కొడుకు రాజమల్లు పెరిగి, ఐటీఐ చదివి, లోయర్ పరేల్‌లో స్విచ్చుల కార్ఖానాలో పర్మనెంటు అయ్యాడు. అయ్యాక, నాలుగేళ్ళ కిందట ఒక రోజు, "ఇగ బంద్ చెయ్యవ్వా. కూలోళ్ళ ఎంగిలి పళ్ళాలు కడిగేటి అవ్వ అంటే నాకేం ఇజ్జత్?" అన్నాడు. లక్ష్మవ్వ ఆ పూట కూలీలకు ఎప్పటిలాగే వడ్డించింది. మర్నాడు చోర్‌బజార్ నుంచి ఒక పాత పంపు స్టవ్వు కొనుక్కొచ్చి మోరీ పక్కన పెట్టుకుంది. "నీ ఇజ్జత్ ఆ పొయ్యి మీద వండుకో. నా కూడు ఈ పొయ్యి మీద" అంది. అంతే. తర్వాత రేషన్ ఆఫీసుకు పోయి కార్డు కూడా విడగొట్టించుకున్నారు. రెండు కార్డులయితే కిరసనాయిలు రెండు వాటాలొస్తుంది, చక్కెర రెండు వాటాలొస్తుంది. చాల్ అంతా మెచ్చుకుంది ఆ తెలివిని. పక్కింటి రత్నాబాయి కూడా తన అత్త కార్డు అలాగే విడగొట్టించింది.

మధ్యాహ్నం మొగుడు డ్యూటీలో, పిల్ల బడిలో ఉండగా తారాబాయి పెట్టె ఇవతలే కూర్చుని అడిగింది.

"అత్తా, ఏమైతుంది నీకు?"

లక్ష్మవ్వ పిండి జల్లిస్తోంది. జల్లెడ ఆపలేదు. "ఏంగావాలె? ముసలిదాన్నైతున్న."

"నాకు చెప్పకుంటే ఎవలికి చెప్తవు?"

జల్లెడ కాసేపు ఆడింది. తర్వాత ఆగింది. "సంచి జారింది" అంది లక్ష్మవ్వ, గోడతో చెబుతున్నట్టు. "గర్భసంచి. నిలబడితే కిందికొస్తది. రొట్టె కొట్టేటప్పుడు మోకాలు ముడుచుకొని కూసుంటే జర నయం. పోయినేడు పెద్ద దవాఖానకు పోయిన. పడుకోబెట్టి, డాక్టరు చదివే పోరగాండ్లు చుట్టూ నిలబడ్డరు. మీసాలు మొలిచీ మొలవని పిల్లలు. ఒకడు పుస్తకంల రాసుకుంటుండు. లేచొచ్చిన. మల్ల పోను."

"ఎవరితోటి పోయినవ్?"

"పోచయ్య తోడొచ్చిండు. బయట కూసున్నడు పాపం."

తారాబాయికి అది కత్తిలా దిగింది. ఒకే కప్పు కింద పన్నెండేళ్ళుగా ఉంటున్న కోడలిని కాదని, పైసలిచ్చి రొట్టె తినే కూలివాణ్ణి తోడు తీసుకుపోయింది. అడిగి ఉంటే నేను వెళ్ళేదాన్నా? అని తనను తానే అడిగి చూసుకుంది. ఏ జవాబూ నమ్మబుద్ధి కాలేదు.

ఆ వారంలోనే రాజమల్లు ఒక కబురు మోసుకొచ్చాడు. మోసుకొచ్చాడనడమే సరి, ఎందుకంటే అది అతనికి బరువే. రెండేళ్ళ కిందట నెల పగారు సర్కారు పెట్టిన హద్దు దాటిందని కార్ఖానావాళ్ళు అతన్ని ఈఎస్‌ఐ బీమాలోంచి తీసేసినప్పుడు చాల్ అంతా పేడా మిఠాయిలు పంచాడు. బీమా దవాఖానా మందులు చిన్న పగారు వాళ్ళకు, మనం పెద్ద పగారు వాళ్ళం అని. ఇప్పుడు సర్కారు ఆ హద్దునే పైకి జరిపింది. రాజమల్లు మళ్ళీ హద్దు లోపలికొచ్చి పడ్డాడు.

"ఇగ మల్ల పగార్లకెల్లి కోస్తరు" అన్నాడు చెప్పులు విడుస్తూ. "మల్ల ఆ లైన్ల నిలబడాలె."

తారాబాయి చేతిలో గరిటె ఆగింది. "ఇంటోళ్ళకు గూడ వర్తిస్తదా?"

"నీకు, పిల్లకు వర్తిస్తది. అవ్వకు గూడ ఉంటదట. పరేషాన్ ఎందుకే, నీకేమన్న రోగమా?"

మోరీ వైపు లక్ష్మవ్వ దగ్గింది. చెప్పొద్దన్న దగ్గు అది. తారాబాయి చెప్పలేదు. "రేపే అత్త పేరు రాయించు" అంది. "బీమా దవాఖాన్ల ఆడడాక్టరు ఉంటదట, రత్నక్క చెప్పింది."

రాజమల్లుకు సెలవు దొరకదు. తారాబాయే బస్సెక్కి బీమా ఆఫీసుకు పోయింది. అక్కడి గుమస్తా మంచివాడే. ఓపికగానే చెప్పాడు, హిందీలో, వేళ్ళు మడుస్తూ. భార్యకు ఏ షరతూ లేదు. ఆమె సంపాదించినా, సంపాదించకపోయినా కుటుంబమే. తల్లి సంగతి అట్లా కాదు. కొడుకు సంపాదన మీద ఆధారపడి, కొడుకుతో కలిసి బతుకుతుంటేనే ఆమె పేరు ఎక్కుతుంది. తారాబాయి ఇచ్చిన రెండు రేషన్ కార్డులను పక్కపక్కన పెట్టి అతను కళ్ళద్దాలు సవరించుకున్నాడు.

"ఒకే ఖోలీ నంబరు, రెండు కార్డులు. మీరు కలిసి ఉన్నట్టా, విడిపోయినట్టా?"

కలిసే ఉన్నాం సాబ్, కిరసనాయిలు కోసం విడిపోయాం అని చెప్పబోయి, నోరు మూసుకుంది.

"మనిషి వచ్చి చూస్తాడు" అన్నాడతను.

గ్రాంట్ రోడ్డు దగ్గర దిగి, ఇంటిదాకా నడుస్తూ ఆమె వేసిన ఎత్తులకు లెక్క లేదు. ఎదురొచ్చే చెరకురసం బండిని చూసుకోలేదు, టాక్సీవాడి తిట్లను వినలేదు. పొయ్యి మంచం కింద పెడితే? ఖానావళి వాళ్ళను వారం రోజులు వేరే చోట తినమంటే?

రాజమల్లుకు ఆ రాత్రి భోజనం వడ్డిస్తూ జబ్బు సంగతి పేరు చెప్పకుండా, "ఆడోళ్ళ బాధ, ఆపరేషన్ కావాలె" అని మాత్రం చెప్పింది. బీమా మనిషి ఇల్లు చూడటానికొస్తాడని కూడా చెప్పేసరికి అతను పళ్ళెం పక్కకు జరిపాడు. "పొయ్యి దాచేద్దాం. ఒక్క పూట. పోయేదేముంది?" అన్నాడు.

"దాచుడెందుకు, దొంగసొమ్మా?" అంది లక్ష్మవ్వ పెట్టె అవతలి నుంచి. "ఎవడో పరాయోడు వచ్చి కూసుంటే, నేను కొడుకు పెట్టింది తిని పడి ఉంటున్న అని చెప్పాలెనా? నువ్వు తిన్నదే నా పొయ్యి మీది కూడు రా."

"అది కాదవ్వా, కాయిదాల కోసం..."

"ఓర్చుకున్న, ఇంకా ఓర్చుకుంట. నాకేం తొందర లేదు."

తొందర తారాబాయికి ఉంది. ఆమె కళ్ళు ఇప్పుడు అత్తను వదలడం లేదు. నేల మీంచి లేవాలంటే గోడ పట్టుకుంటుంది. బిందె ఎత్తేముందు ఊపిరి బిగబడుతుంది. ఇన్నాళ్ళూ ఇవి కళ్ళ ముందే జరిగాయి. చూడకపోవడానికి ఒక ఇనప పెట్టె అడ్డు సరిపోయింది.

లక్ష్మవ్వకు తెలియకుండా తారాబాయి మెట్ల దగ్గర పోచయ్యను పట్టుకుంది. తెల్ల మీసాల మనిషి, నాగపాడలో లేస్తున్న బిల్డింగులో సెంట్రింగు పని. రోజూ మధ్యాహ్నం తనవాళ్ళను అయిదుగురిని వెంటేసుకుని తిండికి వస్తాడు.

"పోచయ్య మామా, బీమా సాహెబ్ వస్తడు. పైసలిచ్చి తింటున్నమని మాత్రం అనకుండ్రి. మా మనుషులే అని చెప్పుండ్రి. అత్త దవాఖాన సంగతి, నీకెరుకే గద."

"నాకిడిసిపెట్టు బిడ్డా" అన్నాడు పోచయ్య. "మావోళ్ళకు నేను చెప్త. గట్టిగ చెప్త."

ఆ గట్టితనమే కొంప ముంచింది.

సాహెబ్ సరిగ్గా తిండి వేళకే వచ్చాడు. బక్కపల్చటి మనిషి, చంకలో గొడుగు, మూడంతస్తులు ఎక్కిన ఆయాసం. గ్యాలరీలో ఆరుగురు సిమెంటు కాళ్ళతో వరసగా కూర్చుని రొట్టెలు తుంచుతున్నారు. లోపల లక్ష్మవ్వ స్టవ్వు బుస్సుమని మండుతోంది. తారాబాయి గబగబా ఎదురెళ్ళింది. ఆయన్ని ఇనప పెట్టె మీదే కూర్చోబెట్టి నీళ్ళిచ్చింది. నీళ్ళు తాగి, ఆయన గ్యాలరీలోకి చూసి హిందీలో అడిగాడు.

"ఎవరు వీళ్ళంతా?"

తారాబాయి నోరు తెరిచేలోపే పోచయ్య లేచి నిలబడ్డాడు. చేతిలో రొట్టె ముక్క. "కొడుకును సాబ్. ఈమె మా అమ్మ."

సాహెబ్ పోచయ్య మీసాలకేసి, లోపలున్న లక్ష్మవ్వకేసి చూశాడు. ఇద్దరికీ మహా అయితే అయిదేళ్ళ తేడా ఉంటుంది. "నువ్వు?" అన్నాడు రెండోవాణ్ణి.

"నేను గూడ కొడుకునే."

"నువ్వు?"

"కొడుకును సాబ్."

ఆఖరున కూర్చున్న చంద్రయ్య అనే కుర్రాడు, తన వంతు చప్పగా ఉండకూడదనుకున్నాడేమో, రొమ్ము మీద చెయ్యేసుకుని, "కన్నతల్లి సాబ్! నన్ను నవమాసాలు మోసింది" అన్నాడు. పక్క ఖోలీలో రత్నాబాయి నవ్వు ఆపుకోలేక తలుపు వేసుకుంది. వేసుకున్నా నవ్వు వినపడుతూనే ఉంది.

సాహెబ్ నవ్వలేదు. లోపలికి తిరిగి, "ఆజీ, రాజమల్లుతో కలిపి ఏడుగురు కొడుకులు నీకు. సంపాదించేవాళ్ళే అందరూ. మరి ఆ ఒక్కడి మీదే ఆధారపడ్డానంటే ఎట్లా?" అన్నాడు.

లక్ష్మవ్వకు ఈ నాటకం ఏదీ తెలియదు. స్టవ్వు గాలి తీసి, చేతులు కొంగుకు తుడుచుకుని, పెట్టె దగ్గరికి వచ్చింది. ఆమె హిందీ కూలీల హిందీ, ముక్కలు ముక్కలుగానే ఉంటుంది, కానీ తడబడదు.

"కొడుకు ఒక్కడే సాబ్. వీళ్ళు నా దగ్గర పైసలిచ్చి తింటరు. మంచోళ్ళు, అబద్ధం చెప్పుడు రాదు వీళ్ళకు. నేను ఎవ్వల మీదా ఆధారపడలే. ఇదిగో నా పొయ్యి."

సాహెబ్ పెన్నుకు మూత పెట్టాడు. "ఆజీ నిజం చెప్పింది" అన్నాడు తారాబాయితో, కొంచెం మెత్తగానే. "కానీ ఈ నిజంతో పేరు ఎక్కదు. కార్డు ఒకటై, పొయ్యి ఒకటైనప్పుడు మళ్ళీ దరఖాస్తు పెట్టుకోండి." మెట్ల వైపు నడుస్తూ చంద్రయ్య దగ్గర ఒక్క క్షణం ఆగి, "నవమాసాలా?" అని మాత్రం అడిగి వెళ్ళిపోయాడు.

సాయంత్రానికి గల్లీ అంతా అదే ముచ్చట. కింద పాన్ దుకాణం దగ్గర రాజమల్లును ఆపి, "ఏం రాజమల్లూ, నీకు ఆరుగురు అన్నదమ్ములట, వాటా ఎంతొస్తది?" అని అడిగారు. అతను మండిపడుతూ మెట్లెక్కి వచ్చి, "ఎవల ఉపాయమిది?" అని అరిచాడు. తారాబాయి తనదేనంది. అతను చెప్పులు మూలకు విసిరాడు. కూర్చుని కాళ్ళు కడుక్కోకుండానే చాయ్ తాగాడు.

మర్నాడు మధ్యాహ్నం, కూలీలు రాకముందు, ధడాలున చప్పుడైంది. తారాబాయి తిరిగి చూసేసరికి పిండి పళ్ళెం బోర్లా పడి ఉంది. లక్ష్మవ్వ మోరీ గట్టు పట్టుకుని ముడుచుకుని కూర్చుంది. మొఖం పిండి కంటే తెల్లగా ఉంది. పెదవి పంటి కింద ఉంది.

"అత్తా!"

"అరవకు. రత్నకు వినపడతది. జర ఆగు. అదే పైకి పోతది."

తారాబాయి పెట్టె దాటింది. అత్తను లేపి, తన మంచం మీద పడుకోబెట్టి, కాళ్ళ కింద దిండు పెట్టింది. గుడ్డ మార్చింది. లక్ష్మవ్వ మొఖం పక్కకు తిప్పుకుంది గానీ వద్దనలేదు. అంతలో మెట్ల మీద పోచయ్య దగ్గు వినిపించింది. పిండి సగం నేలపాలైంది. ఉన్న సగాన్ని తారాబాయి ఎత్తి, వేడినీళ్ళు పోసి, ఆ పొయ్యి ముందు కూర్చుంది. అన్నం, చపాతీలు వండిన చేతులు. జొన్నరొట్టె చెయ్యడం ఆమెకు రాదు. మొదటిది పెనం మీద వేసేలోపే రెండుగా చీలింది. రెండోది మూడుగా.

"వేళ్ళతోని కాదు, అరచేత్తోని కొట్టు" అంది మంచం మీంచి లక్ష్మవ్వ. "అది పిల్లలకు పెట్టే దెబ్బ. గట్టిగ కొట్టు. ఆఁ. గంత గట్టిగ కాదే, అదేమన్న నీ సవతా?"

ఆ రోజు ఆరుగురూ ముక్కలు తిన్నారు.  పోచయ్య లేచేటప్పుడు, "ముక్కలైతే నములుడు సులువు బిడ్డా" అన్నాడు.

రాజమల్లు పొద్దున్నే పోయి చీకటి పడ్డాక వచ్చేవాడు, అతనికి ఏదీ తెలియదు. పగలు ఆ పొయ్యి దగ్గర తారాబాయి, పెట్టె మీద కూర్చుని లక్ష్మవ్వ. రొట్టె మెల్లమెల్లగా గుండ్రంగా వచ్చింది. తిట్లు మాత్రం తగ్గలేదు. తారాబాయికి కుదురు లేదు. అరచేయి మండుతున్నా, గుమస్తా మాట చెవిలోంచి పోవడం లేదు. భార్య సంపాదించినా కుటుంబమే. నిజమే చెప్పాలి, కానీ ఆ నిజం పేరు ఎక్కేదై ఉండాలి. పొయ్యిని దాచిపెడితే అది మోసం. నిజంగానే చేతులు మారితే?

ఒక మధ్యాహ్నం అడిగేసింది. "అత్తా, ఖానావళి నా పేరు మీద నేను నడుపుత. నువ్వు మాతోనే తిను. అప్పుడు సాహెబుకు ఏ అబద్ధం చెప్పే పని లేదు."

లక్ష్మవ్వ అరచేతుల్లోని కాయలు గిల్లుకుంది. "ఆపరేషనైనంక నా పొయ్యి నాకు మల్ల వస్తదా?"

అవునంటే ఆమె వెంటనే ఒప్పుకుంటుందని తారాబాయికి తెలుసు. నోటిదాకా వచ్చిన అవును వెనక్కి తీసుకుంది. "రాదత్తా. మల్ల తీసుకుంటే పేరు పోతది. ఆ డాక్టరమ్మ దగ్గరికి మల్ల మల్ల పోవాలె గద."

"మరి అది అడుగుతున్నవా నువ్వు నన్ను?"

"అడుగుతున్న."

లక్ష్మవ్వ గోడ పట్టుకుని లేచి మోరీ దగ్గర చేతులు కడుక్కుంది. ఆ పూట ఒక్క తిట్టూ తిట్టలేదు. తారాబాయికి అదే ఎక్కువ భయమేసింది.

ఆదివారం రాజమల్లు ఇంట్లో ఉన్నాడు. తారాబాయి మటన్ వండి, నలుగురికీ పళ్ళాలు వేసింది. "అత్తా, రా" అని పిలిచింది. నాలుగేళ్ళలో అలా పిలవడం అదే మొదలు. లక్ష్మవ్వ వచ్చి, గోడకు ఆనుకుని కూర్చుంది. సునంద నాయనమ్మ పక్కకు జరిగింది. రాజమల్లు ఒకసారి ఈమెను, ఒకసారి ఆమెను చూసి, ఏమిటీ విశేషమన్నట్టు కనుబొమలెత్తాడు.

తారాబాయి వడ్డన పూర్తి చేసి, నిలబడే చెప్పింది. "రేపు రేషన్ ఆఫీసుకు పోతున్న. రెండు కార్డులు ఒకటి చేపిస్త. కిరసనాయిలు పోతే పోనీ. ఖానావళి ఇగ నేను నడుపుత."

రాజమల్లు చేతిలో ముద్ద పళ్ళెంలో పడింది. "ఏందే? నా పెండ్లాం కూలోళ్ళ పళ్ళాలు కడుగుతదా? కార్ఖానల నా మొఖం..."

"వారం నుంచి కడుగుతున్న. నీ మొఖం బాగనే ఉంది."

"అవ్వా, చూసినవా దీని మాట?"

లక్ష్మవ్వ పులుసులో వేలు ముంచి నాకింది. "నేను కడిగితే వేరు పొయ్యి పెట్టించినవు. ఇప్పుడు నువ్వు వేరుపడతవా? ఏడ పడతవ్ రా, ఖోలీల జాగ లేదు."

సునంద కిసుక్కున నవ్వింది. రాజమల్లు ఆ పిల్లను గద్దించబోయి, అవ్వ గోడకు ఎలా ఆనుకుని ఉందో అప్పుడే చూశాడు. ఒక పక్కకు ఒరిగి, ఒక చెయ్యి నేలకు ఆనించి.   పళ్ళెంలో పడ్డ ముద్దను మళ్ళీ కలపడం మొదలుపెట్టాడు.

"రాయించు పేరు" అంది లక్ష్మవ్వ కోడలితో. "డాక్టరమ్మ దగ్గరికి నువ్వే రావాలె, పోచయ్యను పంపుడు గాదు. ఇంకొక్కటి. ఆ గొడుగు సాహెబ్ మల్ల వస్తే మీరెవ్వలు నోరు తెరవకుండ్రి. ఆధారపడ్డ అనే మాట నేనే చెప్త, నా నోటితోనే."

"కొడుకు మీద అని చెప్పాలె అత్తా. రూలు అట్లున్నది."

"చెప్త" అంది లక్ష్మవ్వ. కొడుకు వైపు ఒకసారి, పొయ్యి వైపు ఒకసారి చూసింది. "ఎట్లనో గట్ల చెప్త. ముందు నువ్వు కూసో, నీ కూడు సల్లగైతుంది."